కోపానికి ఎన్ని గళ్లు? నుడికట్టు పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచిక గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్)లో అడ్డం 7కి 'కోపమొస్తే పెద్దలు పెట్టేవి (3)' అని ఆధారం ఇచ్చాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య మరే ఆధారం మీదా రాలేదు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి, కోపంతో అనే మాటల గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నాను.

అడ్డం 7కి నేను 'దూషణ' అని నింపాను. మీరు 'చీవాట్లు' అని వేశారు. అర్థం ఒకటే, గళ్లూ మూడే. నా జవాబు ఎలా తప్పు అవుతుంది?
— ఒక పాఠకుడు, ఆదోని

అన్నా, ఆధారంలో చివరి మాట ఇంకోసారి చూడండి. 'పెట్టేవి' అని ఉంది. దూషణ ఎవరూ పెట్టరు. దూషణ చేస్తారు, దూషణకు దిగుతారు. పెట్టేది చీవాట్లే. పైగా 'పెట్టేవి' బహువచనం, మీ జవాబు ఏకవచనం.

తెలుగులో కోపపు మాటలకు ఒక్కోదానికి ఒక్కో క్రియ అంటుకుని ఉంటుంది. చీవాట్లు పెడతాం, శాపనార్థాలు పెడతాం, గడ్డి కూడా పెడతాం. అక్షింతలు మాత్రం వేస్తాం. నింద మోపుతాం, నిష్ఠూరాలాడతాం, దుమ్మెత్తి పోస్తాం, తిట్లు లంకించుకుంటాం. నుడికట్టు నింపేటప్పుడు చాలామంది నామవాచకం మీదే చూపు నిలిపి, క్రియను వదిలేస్తారు. నేను ఆధారం రాసేటప్పుడు సగం దారి క్రియలోనే చూపిస్తాను.

ఇంకొకటి, 'పెద్దలు' అన్న మాట ఊరికే పెట్టలేదు. చీవాట్లు ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తాయి. తండ్రి కొడుకుకు పెడతాడు, మేనేజరు గుమాస్తాకు పెడతాడు. కొడుకు తండ్రికి చీవాట్లు పెట్టాడంటే వినేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. దూషణకు ఆ వరుస లేదు, ఎవరు ఎవరినైనా దూషించవచ్చు. అదీగాక నిలువు 7 'చేనేతకు పేరున్న కోస్తా ఊరు (3)'. అది చీరాల. మొదటి గడిలో 'చీ' తప్ప ఇంకేదీ పట్టదు.

మీకు అనుమానం వచ్చినప్పుడు ఒక వాక్యం రాసుకోండి. 'ఆలస్యంగా వచ్చినందుకు మా సారు నాకు బాగా ఫలానావి పెట్టాడు.' అందులో మీ జవాబు ఇమిడితే సరైనదే. నాలుకకు తగులుకుంటే ఇంకొకటి వెతకండి.

ఇంగ్లిష్ పేపర్లో క్రాస్‌వర్డ్ చేస్తుంటే 'కోపంతో చేసే సుదీర్ఘ ప్రసంగం, ఆరు అక్షరాలు' అని వచ్చింది. జవాబు టిరేడ్. డిక్షనరీ చూస్తే రాంట్, డయాట్రైబ్, హరాంగ్ అన్నిటికీ దాదాపు అదే అర్థం ఉంది. తేడా ఎలా తెలుస్తుంది? తెలుగులో దీనికి సరిపోయే మాట ఏది?
— బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక అబ్బాయి, కడప

నాయనా, మంచి ప్రశ్న వేసినావు. పరీక్షలో కూడా ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి తికమక పెడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట లెక్క చూడు. ఇంగ్లిష్‌లో రాంట్‌కు నాలుగు అక్షరాలు, టిరేడ్‌కు ఆరు. డయాట్రైబ్‌కూ హరాంగ్‌కూ ఎనిమిదేసి, రెండూ 'ఈ' (E) అక్షరంతోనే ముగుస్తాయి. ఎనిమిది గళ్లు కనిపిస్తే తొందరపడి పెన్నుతో రాయొద్దు. నిలువు నుంచి ఒక అక్షరం దొరికేదాకా ఆగు.

ఇక అర్థం. రాంట్‌లో అదుపు ఉండదు, దానికి ఎదుట మనిషి కూడా అక్కర్లేదు. కరెంటు పోయిందని, బస్సు రాలేదని ఒకడు తనలో తాను అరుచుకున్నా అది రాంటే. టిరేడ్‌లో పొడవు ముఖ్యం, ధాటి ముఖ్యం. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని వెనక ఉన్న ఇటాలియన్ మాటకు తుపాకీ గుళ్ల వరస అని అర్థం. ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చి తగులుతూ ఉండాలి. డయాట్రైబ్ గ్రీకు మాట. మొదట్లో దాంట్లో కోపమే లేదు. పొద్దుపుచ్చడం, చర్చ, ఉపన్యాసం ఇవీ దాని పాత అర్థాలు. ఇప్పుడు ఒక మనిషినో, ఒక సిద్ధాంతాన్నో పట్టుకుని చేసే ఘాటైన దాడికి వాడతారు. ఇది కాగితం మీద కూడా సాగుతుంది. హరాంగ్‌లో జనం ఉండాలి, గొంతు పెద్దదిగా ఉండాలి, విసిగించేంత పొడవుండాలి. కోపం ఉండొచ్చు, లేకపోవచ్చు. కాబట్టి ఆధారంలో 'కోపం' అని స్పష్టంగా ఉంటే హరాంగ్‌ను చివరికి పెట్టుకో.

తెలుగు సంగతికొస్తే, అనువాదాల్లో 'ఆవేశపూరిత ప్రసంగం' అని రాస్తుంటారు. అది వర్ణన. నుడికట్టులో వర్ణన ఆధారంగా పనికొస్తుంది గానీ, జవాబుగా పనికిరాదు. నన్నడిగితే టిరేడ్‌కు అతి దగ్గరి తెలుగు మాట తిట్లదండకం. ఐదు గళ్లు. తి, ట్ల, దం, డ, కం.

ఎందుకంటావా? దండకాన్ని పద్యంలాగా నాలుగు పాదాలకు కట్టెయ్యరు. ఒకే గణం మళ్లీ మళ్లీ దొర్లుతూ, చెప్పేవాడికి ఊపిరి ఉన్నంతవరకూ సాగుతుంది. ఆంజనేయ దండకం గట్టిగా చదివి చూడు, ఎక్కడ ఆగాలో నీకే తెలియదు. టిరేడ్‌లో ఉన్న పొడవు, ధాటి, ఆగకపోవడం మూడూ మనవాళ్లు ఆ ఒక్క మాటలో పట్టేశారు. వట్టి 'తిట్టు' అంటే అది ఒక్క గుండు. తిట్లదండకం అంటే వరస.

ఎండాకాలం మా వీధికి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు దీన్ని కళ్లారా చూశాను. వరుసలో పెట్టిన బిందెను ఎవరో కాలితో పక్కకు జరిపారు. 'నా బిందె ఎవరు జరిపినారు?' అని ఆ బిందె పెట్టినామె మెల్లగానే అడిగింది. జవాబు లేదు. కొంగు నడుముకు దోపింది. బిందె దగ్గర మొదలైన మాట పోయిన ఏడాది అడిగి తీసుకుపోయి తిరిగి ఇయ్యని జల్లెడ మీదికి పోయింది, అక్కడినుంచి ఎవరి పెండ్లిలోనో విస్తరాకు వెయ్యకుండా పంపించిన సంగతికి, అక్కడినుంచి 'మీ యమ్మ కాలం నుంచీ ఇంతే' దాకా పోయింది. చెప్పిన మాట మళ్లీ చెప్పలేదు. ఒక్క బూతు లేదు. పైపు కింద పెట్టిన బిందె నిండి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. అవతలామె మాత్రం 'సాలు నిలుపక్కా' అని ఒక్క మాట అనింది. ఆ పూట అక్కడున్నవాళ్లెవరూ 'ఆమె తిట్టింది' అని చెప్పుకోలేదు, 'దండకం చదివింది' అన్నారు. ఆధారం రాసేటప్పుడు నా చెవిలో మోగేది ఇట్లాంటి వాడుకే.

రాజకీయ సభలో మాట్లాడిన దానికైతే పత్రికలవాళ్లకు వేరే మాటలున్నాయి. ధ్వజమెత్తారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు. చెరగడం అంటే చేటతో ధాన్యం ఎగరేసి పొల్లు తియ్యడం. చేటలో గింజల బదులు నిప్పులు ఉన్నాయనుకో, ఎదురుగా నిలబడినవాడి గతి ఏమిటో ఆ మాటే చెబుతుంది. ఇది వేదిక మీది కోపానికి సరిపోతుంది, ట్యాంకర్ దగ్గర కోపానికి సరిపోదు.

నువ్వు అడగలేదు గానీ తొమ్మిది అక్షరాల మాట ఇంకొకటి ఉంది, ఫిలిప్పిక్. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్, మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ మీద ప్రజలను హెచ్చరిస్తూ ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఫిలిప్ అలెగ్జాండర్ తండ్రి. ఆ రాజు పేరే ఆ రకం ప్రసంగానికి పేరైంది. తర్వాత రోమ్‌లో సిసెరో మార్క్ ఆంటోనీ మీద చేసిన 14 ప్రసంగాలకూ అదే పేరు. ఆధారంలో గ్రీకు, రోమ్, సిసెరో ఇట్లాంటి జాడ కనిపించి తొమ్మిది గళ్లుంటే ఇదే రాయి. ఏ జాడా లేకుండా తొమ్మిదైతే ఇన్వెక్టివ్ (ఘాటైన దూషణ) కూడా కావచ్చు, చూసుకో.

అక్షింతలు, అర్చన, దండకం, సుప్రభాతం. ఇవన్నీ దేవుడి దగ్గర వాడే మాటలు. వీటిని తిట్లకు వాడి గళ్లలో పెడుతుంటే మనసుకు కష్టంగా ఉంది.
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

అమ్మా, మీ బాధ నాకు తెలుసు. మా ఇంట్లోనూ పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ తాగం. అయితే ఈ వాడుకను నేనో, ఇంకో నుడికట్టు రాసేవాళ్లో పుట్టించలేదు. జనం నోట్లో ఎప్పటినుంచో ఉంది. ఆలోచిస్తే దానికి కారణమూ కనిపిస్తుంది. పూజలో ఒకరే చదువుతూ పోతారు, పేర్ల మీద పేర్లు వస్తాయి, ఎదుటివారు బదులు పలకరు. అక్షింతలు వేయించుకునేవాళ్లు తల వంచుకుని నిలబడాలి. చీవాట్లు తినేటప్పుడు మన నిలబడే తీరు కూడా అదే కదా. ఇందులో నాకు దేవుడి పట్ల అమర్యాద కనిపించదు. పూజ అంటే అందరికీ అంత బాగా తెలుసు కాబట్టే ఆ మాట తిట్లదాకా నడిచి వచ్చింది.

నావరకు ఒక హద్దు పెట్టుకున్నాను. ఏ దేవుడి పేరునూ, ఏ స్తోత్రంలోని ముక్కనూ తిట్టుకు ఆధారంగా వాడను. రెండర్థాలూ మర్యాదగా ఉన్నప్పుడే వాడతాను. 'పెళ్లిలో పెద్దలు, ఆఫీసులో పై అధికారి వేసేవి (4)' అంటే అక్షింతలు. ఇట్లాంటిదే 'దీపావళి తెల్లవారుజామున నూనెతో, తప్పు చేసిననాడు మాటలతో (3)' అంటే తలంటు. 'ఆవుకు ప్రేమతో, మనిషికి కోపంతో చేసే పని (4)' అంటే గడ్డిపెట్టు.

తిట్టడానికి మా పక్క ఎన్ని మాటలున్నాయో! మీ గళ్లలో ఒక్కటీ కనపడదు. అన్నీ పుస్తకాల మాటలే. సీమ మాటలు పనికిరావా?
— ఒక పాఠకుడు, పత్తికొండ

పనికొస్తాయి. నేనూ ఈ సీమ మనిషినే, జమ్మలమడుగు పక్కన బడిలో తెలుగు చెప్పినదాన్నే. మన పిల్లలు 'మా నాయన అరుస్తాడు' అన్నారంటే తిడతాడనే అర్థం. కోస్తాలో అదే మాట వింటే కేక వేస్తాడు అనుకుంటారు. 'నా మీదికి ఎగిరినాడు', 'కయ్యిమని లేసింది', 'నోరు చేసుకోవద్దు', 'సాపెనలు పెడతాది'. ఇవన్నీ మనం రోజూ వింటున్నవే. రాయదుర్గం వైపు కన్నడం కలిసిన ఇళ్లల్లో తిట్టును 'బైగుళ' అని కూడా అంటారు.

నాకున్న షరతు ఒక్కటే. శ్రీకాకుళంలో కూర్చుని నింపేవాళ్లకు కూడా జవాబు దొరికే దారి ఉండాలి. 'సాపెన' అని పెట్టాలంటే, మూడు గళ్లకూ అడ్డంగా వచ్చే మాటలు అందరికీ తెలిసినవై ఉండాలి. అప్పుడు మాట తెలియకపోయినా అక్షరాలు కూడి వస్తాయి. నింపినాక 'ఓహో, శాపాన్ని అక్కడ ఇట్లా అంటారా' అని తెలుసుకుంటారు. బైగుళను మాత్రం ఇప్పుడే పెట్టను. అది సరిహద్దు దాటి తెలుగు ఇళ్లలోకి ఇంకా అంతగా రాలేదు.

పుస్తకాల మాటలని తీసిపారెయ్యకండి. మన కడపకే 1820లో ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువు అచ్చువేసినప్పుడు, పండితుల మాటలతోపాటు జనం మాట్లాడే మాటలనూ ఏరి అందులో చేర్చాడు. ఎర్రముక్కపల్లిలో ఆయన పేరుమీద ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి ఎప్పుడైనా వెళ్లండి. మీ అవ్వ నోట విన్న మాట అచ్చులో కనిపిస్తే కలిగే సంతోషమే వేరు. మీ పక్క మాటలు రాసి పంపండి. ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అంటారో కూడా రాయండి. మాట ఒక్కటే పంపితే నేను ఆధారం రాయలేను.

'ఆక్రోశం' అంటే ఏడుపా, తిట్టా? ఒక నుడికట్టులో తిట్టు అని చూశాను.
— ఒక పాఠకురాలు, ధర్మవరం

రెండూ సరే. సంస్కృతంలో దానికి గట్టిగా పిలిచి తిట్టడం, శపించడం అనే అర్థం ఉంది. 'క్రోశ' అంటే కేక. మన పెద్దలు దూరాన్ని కొలిచే కోసు కూడా అక్కడినుంచి వచ్చిందే, కేక వినపడేంత దూరమని. ఇప్పటి తెలుగులో మాత్రం ఆక్రోశమంటే కడుపుమంటతో వచ్చే ఆవేదన. బాధితుల ఆక్రోశం అంటాం గానీ, అధికారి ఆక్రోశం అనం. నేనైతే 'అన్యాయం జరిగినవాళ్ల గొంతులో వినిపించేది (3)' అని ఇస్తాను. తిట్టు అని ఇవ్వాలంటే 'పాత అర్థంలో' అని చేర్చడం న్యాయం.

భర్త్సన అనే మాటకు మూడు గళ్లా, నాలుగా? అసలు దాని అర్థమేమిటి?
— ఒక విద్యార్థిని, నంద్యాల

మూడే తల్లీ. భ, ర్త్స, న. వత్తులెన్ని ఉన్నా ఒకే గడి. సున్నా కూడా ముందు అక్షరంతోనే పోతుంది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి క్రాస్‌వర్డ్ వేసినప్పుడు ఒక్కో గడికి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం పెట్టాడు. మనం ఆ ఆటను తెచ్చుకున్నాక గడికి ఒక పూర్తి అక్షరం అని పెట్టుకున్నాం. అందుకే మన గడులు చిన్నవైనా బరువెక్కువ.

అర్థం కావాలంటే పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో శబ్దాదివర్గం అనే భాగం చూడు. అక్కడ కోపపు మాటలను ఎంత సన్నగా విడదీశారో తెలుస్తుంది. పారుష్యం అంటే కటువుగా మాట్లాడటం. భర్త్సనం అంటే నీకు కీడు చేస్తానని బెదిరించే మాట. నింద కలిపి దెప్పితే పరిభాషణం. లేనిపోని అక్రమ సంబంధం అంటగట్టి తిడితే దానికి ఆక్షారణ అని విడిగా పేరే ఉంది. కాబట్టి భర్త్సనకు 'తిట్టు' అని ఆధారం ఇస్తే చాలదు. 'బెదిరింపుతో కూడిన తిట్టు (3)' అనాలి.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నాతోపాటు నుడికట్టు నింపుతాడు. తిట్ల మాటలు పిల్లలకు నేర్పించినట్లు అవదా?
— ఒక తల్లి, తాడిపత్రి

నింపనివ్వండమ్మా. చీవాట్లు, మందలింపు, గద్దింపు, ఎత్తిపొడుపు, నిష్ఠూరం తెలిసిన పిల్లవాడు తన కోపాన్ని కొలిచి చెప్పగలుగుతాడు. స్నేహితుడి మాట మనసుకు తగిలితే 'ఎత్తిపొడుస్తున్నావా?' అని అడగగలిగినవాడు చెయ్యి ఎత్తడు. బడిలో అట్లాంటి పిల్లలను చాలామందిని చూశాను. కోపం వచ్చినప్పుడు మాట దొరకని పిల్లలే కొట్లాటకు దిగేవాళ్లు.

బూతు నా గళ్లలోకి రాదు. వితంతువులను కించపరిచే మాట, ఒంటి లోపాన్ని ఎత్తిచూపే మాట, ఆడపుట్టుకను తక్కువ చేసే మాట రావు. కులం పేరును తిట్టుగా మార్చిన మాటలైతే ఎంత పాత నిఘంటువులో ఉన్నా, ఎన్ని గళ్లకు సరిగ్గా కుదిరినా పెట్టను. దళితులనూ గిరిజనులనూ కులం పేరుతో నలుగురి ముందు తిట్టడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా నేను పెట్టను. మీ అబ్బాయి అట్లాంటి మాట ఎక్కడైనా విని అర్థం అడిగితే కసరొద్దు. అది ఎవరిని, ఎందుకు నొప్పిస్తుందో కూర్చోబెట్టి చెప్పండి.

నేనొక ఆధారం రాశాను. 'కోపంగా మాట్లాడుట (4)', జవాబు 'మందలింపు'. బాగుందా?
— ఒక పాఠకుడు, గుత్తి

గళ్లు సరిగ్గా సరిపోయాయి. ఆధారం మాత్రం వదులుగా ఉంది. మందలింపులో కోపం ఉండి తీరాలని లేదు. మెల్లగా, పక్కన కూర్చోబెట్టుకుని కూడా మందలిస్తారు. తప్పు దిద్దాలనే ఉద్దేశం ఉండటం దాని గుణం. అధిక్షేపం కూడా నాలుగు గళ్లే కాబట్టి మీ ఆధారానికి అదీ పడుతుంది. ఒక ఆధారానికి రెండు జవాబులు వచ్చాయంటే నింపేవాళ్లకు అన్యాయం చేసినట్లే.

ఆ మాటను విడదీసి చూశారా? మందలు, ఇంపు. ఉత్వసంధి చేస్తే మందలింపు. మీ ఆధారాన్ని ఇట్లా మార్చి వచ్చే సంచికలో వేస్తున్నాను: 'గొర్రెల గుంపులు ఇంపుగా కలిస్తే తప్పు దిద్దే మాట (4)'. పక్కన 'గుత్తి పాఠకుడు పంపినది' అని ఉంటుంది. జవాబు ఇక్కడే చదివేశారు కాబట్టి, ఆ నాలుగు గళ్లూ ఈసారి అందరికీ ఉచితం.